కొండదారి యాత్రయు, ఎలుగుబంటియు

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన స్త్రీకి ఎలుగుబంటి బొత్తిగా తెలియని జంతువు కాదు. నడివయస్సు దాటిన సోదరీమణులలో పలువురు దానిని తమ వాకిటనే చూచియుందురు. ముక్కునకు త్రాడు వేసిన యెలుగును వీధివీధి త్రిప్పి యాడించువాడు రాగానే తల్లులు పసివాండ్ర నెత్తుకొని వెలుపలికి వచ్చెడివారు. బిడ్డను దాని వీపుమీద నొక్కమారు కూర్చుండబెట్టినచో దడుపు పోవునని నమ్మకము. నాలుగు వెండ్రుకలు పెరికించి తాయెత్తులో నుంచి మెడలో కట్టుటయు కలదు. అందులకు చేటెడు బియ్యము వాని జోలెలో పడెడివి. ఆ బిడ్డ దడుపు పోయెనో లేదో గాని, ఎలుగుబంటి యనగా తల యూపుచు నాడెడు నొక ముసలి మచ్చిక జంతువను భావము మాత్రము మన మనస్సులలో నిలిచిపోయినది.

ఆ మచ్చిక యెట్లు కలిగెడిదో తెలిసికొన్నచో మనకు అన్నము సహింపదు. పాలు మరువని పిల్లను తల్లినుండి అపహరించి, కాల్చిన యినుపకమ్మితో మూతి పొడిచి, ఆ పుండులో త్రాడు గ్రుచ్చి, కోరలు విరుగగొట్టి దానిని దారికి తెచ్చెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప గూడ ఈ యాట చాలకాలము సాగినది. 2009 నాటికి గాని మన దేశమున ముగియలేదు. నేడు దాని వెండ్రుక గాని, గోరు గాని కొనుటయు, అమ్ముటయు నేరమే. పులిగోరని చెప్పి యెలుగుగోరునకు బంగారము కట్టించి యమ్మువారును కలరు గావున, ఆ పతకముల జోలికి పోకుండుటయే మేలు.

అడవిలోని యెలుగుకు ముక్కుత్రాడు లేదు, కోరలు విరుగలేదు. మే మీ మాసము వ్రాయదలచినది దానినిగూర్చియే.

మన డెల్టాలో అడవి యేదియని సోదరీమణు లడుగవచ్చును. నిజమే. 1855లో బెజవాడకడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువ పారినంత మేరయు వరిచేలయ్యెను. మిగిలిన యడవి సముద్రతీరమున మడచెట్ల నడుమ నున్నది. అందు బావురుపిల్లియు, నక్కయు నుండును గాని యెలుగు లేదు. అయితే మన పుణ్యయాత్రలలో ముఖ్యమైనవి కొన్ని అడవి నడుమనే యున్నవి. విజయవాడనుండి గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, మార్కాపురముల మీదుగా దోర్నాల చేరినంతనే నల్లమల యెదురగును. శివదీక్ష పూనినవారును, మ్రొక్కు గలవారును వెంకటాపురమునుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలనుల మీదుగా కైలాసద్వార మెక్కి శ్రీశైలము చేరుదురు. చైత్రపూర్ణిమకు సలేశ్వరపు లోయలోనికి దిగువారు కలరు; అహోబిలమున ఉగ్రస్తంభము చూడబోవువారు కలరు. తిరుమలకు అలిపిరి మెట్లదారిని గాని, శ్రీవారిమెట్టు దారిని గాని నడచి యెక్కువారి సంఖ్య చెప్పనక్కరలేదు. ఈ దారులన్నియు ఎలుగుబంటి కాపురముండు కొండలలోనివి. శ్రీశైలముకడ శిఖరేశ్వరము దాపున అది కానవచ్చెనని పత్రికలలో తరచుగ చదువుచునే యున్నాము. నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యము, మన దేశమున పులులకై కేటాయించిన యడవులలో నెల్ల విశాలమైనది, పులి పేరిటనే ప్రసిద్ధికెక్కినది. కాని కాలినడకను పోవువారు పులికంటె నెక్కువగా తలంపునం దుంచుకొనవలసినది ఎలుగునే. ప్రపంచమున నెనిమిది జాతుల ఎలుగులు కలవు. మంచుదేశములలోని మహాకాయముల మాట యటుండ, మనుష్యులను మిక్కిలిగా గాయపరచునది మన నల్లయెలుగే యని జంతుశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

అట్లని యది మనుష్యులను తినుటకై వేటాడునది కాదు. దాని ముఖ్యాహారము చెదలు, చీమలు, తేనె, పండ్లు. రేగు, నేరేడు, తునికి, మారేడు, వేసవిలో ఇప్పపూవు దానికి ప్రీతి. పైదవడ నడిమి పండ్లు రెండును లేకుండుటచే నేర్పడిన సందునుండి, పెదవులు గొట్టమువలె ముందునకు చాచి, పుట్టలోని దుమ్ము నూది చెదలను పీల్చును. ఆ యూదుడును, ఆ పీల్పును నూరుగజములకు పైగా వినవచ్చును. నాగులచవితికి మనము పాలు పోయు పుట్టయే యడవిలో దాని యన్నపు పళ్లెము. కావున దారిప్రక్క పుట్ట క్రొత్తగా త్రవ్వబడియున్నచో, చెట్టు మ్రానిపై పొడవైన గోటిగీరలున్నచో, పండ్ల గింజలతో నిండిన పేడ కనబడినచో, మనుష్యుని యడుగును బోలిన యడుగుజాడకు ముందు గోళ్ల గుర్తులున్నచో, అది యా దారినే తిరుగుచున్నదని యెరుగవలయును.

దాని వాసన పట్టు శక్తి గొప్పది. చూపును, వినికిడియు మందము. తల పుట్టలో దూర్చి పీల్చుచున్న వేళ మనము పది యడుగుల దూరమునకు వచ్చినను అది గుర్తింపకపోవచ్చును. గుర్తించిన క్షణమున అది లేడివలె పరుగెత్తదు. పులితో నొక్క యడవిలో తరతరములుగా బ్రదికిన జంతువగుటచే, దగ్గరకు వచ్చినదానిని ముందుగా తానే కొట్టుట దాని పుట్టుబుద్ధి. ముందుకాళ్ల గోళ్లు మూడంగుళములు, అంతకు మించియు నుండును. నిలువబడి ముఖమునే పట్టును. ఎలుగువలన గాయపడినవారిలో తల, కన్ను, దవడ చెడినవారే యెక్కువగుటకు కారణ మిదియే. వినాయకచవితినాడు మనము చదువుకొను కథయే దీని స్వభావమును చక్కగా చెప్పుచున్నది. జాంబవంతుడు శ్రీకృష్ణుని వెదకిపోయి కొట్టలేదు. తన గుహలో, పసిబిడ్డ యూయెలకడ, పరాయివాడు కనబడెను గావున తలపడెను. ఆ పోరు 28 దినములు సాగినది. మనకు 28 నిమిషముల పోరు గూడ పనికిరాదు.

బిడ్డ మాట వచ్చినది గావున ఇంకొక ముఖ్యవిషయము. ఆడ యెలుగు మన ప్రాంతములలో సాధారణముగ మార్గశిర పుష్యములలో గుహలో నీనును. ఒకటి రెండు పిల్లలు. రెండు మూడు నెలలు గడచిన పిదప వానిని వీపున నెక్కించుకొని వెలుపలికి వచ్చును. ఎలుగుజాతులలో పిల్లలనిట్లు వీపున మోయుట దీనికే యలవాటు. లెక్క చూచుకొనుడు: అది మాఘ ఫాల్గుణముల కాలము. శివరాత్రియు, ఉగాదియు ఆ దినములలోనే. మనము బిడ్డను చంకనెత్తుకొని మల్లన్నకొండ యెక్కు వేళనే ఆ తల్లియు బిడ్డలను వీపునెత్తుకొని మేతకు బయలుదేరును. ఆ పిల్లలను చూచి ముద్దుగా నున్నవని చేతిఫోనుతో పటము తీయబోవు యువకులను తోటివారు చేయి పట్టి యాపవలెను. తల్లి కనబడకపోయినను దగ్గరలోనే యుండును.

ఇక జాగ్రత్తల మాట. దీనికి డెల్టా స్త్రీలు క్రొత్తగా నేర్వవలసినది మిక్కిలి తక్కువయని మా యభిప్రాయము. చీకటిలో చేనిగట్టున పోవు పిల్లవానికి మన పెద్దలేమి చెప్పుదురు? అడుగు గట్టిగా వేయుము, కర్ర తాటించుచు నడువుము, పాము తానే తప్పుకొనునని గదా. ఎలుగు విషయమునను అదియే సూత్రము. అయితే దాని చెవి మందము గావున చప్పుడు పెద్దదిగా నుండవలయును. పదిమంది కలసి నడచుచు, గొంతెత్తి శివనామమో, గోవిందనామమో పలికినచో అది విని ముందే ప్రక్కకు పోవును. యాత్రికులు భజన చేయుచు నడచుట భక్తికే యని యనుకొందుము. అడవిదారిలో అది ప్రాణరక్షణయు నగును. ఈనాడు చెవులలో పాటల బిళ్లలు పెట్టుకొని, ఎవరి లోకములో వారు మౌనముగా నడచు యాత్రికులు పెరుగుచున్నారు. వారికి భజనయు లేదు, అడవి చప్పుడును వినబడదు. కర్రకు రెండు మువ్వలు కట్టుట మంచి పద్ధతి. ఏటి హోరు వినబడు చోటను, ఎదురుగాలి వీచునపుడును, దారి మలుపు తిరుగు చోటను గొంతు మరికొంత పెంచవలయును. అచ్చట మన వాసనయు, మన చప్పుడును దానికి చేరవు.

చీకటివేళ నడువరాదు. తెల్లవారుటకు ముందును, సంధ్యవేళను, రాత్రియు అది తిరుగాడు సమయములు. నడిపగలు గుహలలోను, బండల సందులలోను, వాగుప్రక్క పొదలలోను పండుకొనియుండును గావున, నీడకై గుహలో దూరుట, చల్లగా నున్నదని పొదలోనికి పోవుట కూడదు. ఎండ బాధకు వెఱచి తెల్లవారుజామున మూడు గంటలకే బయలుదేరు నలవాటు మన మైదానమున మంచిదే కాని, నల్లమలలో ప్రొద్దు పొడిచిన పిదప బయలుదేరుటయే యుక్తము.

స్త్రీలకు ప్రత్యేకముగ చెప్పవలసినది రెండు కలవు. మొదటిది బహిర్భూమి విషయము. సిగ్గుచేత మన స్త్రీలు ఇంకను చీకటి యుండగానే, ఒంటరిగా, దారికి దూరముగా పొదల చాటునకు పోవుదురు. ఎలుగును ఉలికిపాటుకు గురిచేయుటకు ఇంతకన్న తగిన సమయమును, స్థలమును వెదకినను దొరకవు. ఇద్దరు ముగ్గురు కలసి పోవలెను. టార్చిలైటు వేసి, పొదను కర్రతో కొట్టి, మాటలాడుచు పోవలెను. ఒకతె లోనికి పోయిన, తక్కినవారు పిలుపందు దూరమున నిలిచి మాట సాగింపవలెను. దీనికి సిగ్గుపడ నక్కరలేదు.

రెండవది మగవారి నడక. యాత్రలో ఇంటి యజమాని బారలు చాచి ముందు పోవును, పిల్లలు వానికంటె ముందు పరుగెత్తుదురు, సంచియు, చంటిబిడ్డయు, మోకాళ్ల నొప్పుల అత్తగారును గల యిల్లాలు అరమైలు వెనుకబడును. మలుపు మలుపుకు నాగి వెనుకకు చూచు మగవాడు మాకు కనబడుట అరుదు. ఇది తగదు. జట్టులో నెవరు మెల్లగా నడతురో వారి నడకయే జట్టు నడక కావలెను. ఓపిక గల యొక పెద్ద చివర నడువవలెను. బిడ్డలు నడుమ నుండవలెను. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో ఆరేండ్ల బాలిక చిరుతపులి నోట పడి మరణించినది. అది యెలుగు పని కాదు. కాని అడవిదారిలో బిడ్డ పెద్దలకు చేయందు దూరముననే యుండవలెనని దానికంటె గట్టిగా చెప్పు సంగతి లేదు. ఆ పిమ్మట దేవస్థానమువారు పండ్రెండేండ్ల లోపు పిల్లలను మధ్యాహ్నము 2 గంటల తరువాత ఆ దారిని పోనీయక నిలిపిరి, యాత్రికులను గుంపులుగా పంపిరి, చేతికర్రలిచ్చిరి. కర్ర చూచి నవ్వినవారును కలరు. కర్రతో చిరుతను చంపగలమా, ఎలుగును చంపగలమా యని వారి ప్రశ్న. చంపుట కెవ్వరు చెప్పిరి? కర్ర చప్పుడు చేయుటకును, పొద కదల్చుటకును, తప్పనపుడు మనకును దానికిని నడుమ నొక బారెడు దూర ముంచుటకును.

తినుబండారముల మాట గూడ కలదు. బెల్లపు పొంగలి, అరటిపండ్లు, కొబ్బరిచెక్కలు, తేనెసీసా మనము యాత్రలో తప్పక పట్టుకొని పోవునవి. అవి దానికిని ఇష్టమైనవే. మూత బిగువు గల డబ్బాలలో నుంచవలెను. తినగా మిగిలినది దారిప్రక్క పారవేయుట పాపమని కాదు, మన వెనుక వచ్చువారికి అపాయమని మానవలెను. ఉచ్ఛిష్టము మరగిన యెలుగు మనుష్యుని వాసనకు తొలగుట మాని, వాసన పట్టుకొనియే వచ్చును. రాత్రి మజిలీలో తలక్రింద పలహారపు మూట పెట్టుకొని నిద్రించువారు ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను. వెంట వచ్చిన ఊరకుక్కను గూడ అడవిలోనికి రానీయరాదు. అది మొరుగుచు నెలుగును తరుమును. ఎలుగు తిరిగినంతనే పరుగున వచ్చి మన కాళ్లలో దూరును, వెనుకనే యెలుగును వచ్చును.

ఇంత జాగ్రత్తపడినను ఎదురుపడినచో? దూరమున నుండి, అది మనలను చూడకున్నచో, చప్పుడు చేయక వచ్చిన దారినే వెనుదిరిగి, అది పోవువరకు ఆగవలెను. రాళ్లు రువ్వరాదు. దగ్గరనే యున్నచో పరుగెత్తరాదు. ఎంత బరువుగా కనబడినను అది మనుష్యునికంటె వేగముగ పరుగెత్తును. అందరును దగ్గరకు చేరి, బిడ్డలను నడుమ నుంచి, దానివైపే ముఖముంచి, మెల్లగా మాటలాడుచు నొక్కొక్క యడుగు వెనుకకు వేయవలెను. అది వెనుకకాళ్లపై నిలువబడినంత మాత్రమున కొట్టవచ్చుచున్నదని తలపరాదు. పలుమారు వాసన చూచుటకే అట్లు నిలుచును. కొంత దూరము ఉరికివచ్చి ఆగిపోవుటయు కలదు.

బడిపుస్తకములలో ఇద్దరు స్నేహితుల కథ మనమందరమును చదివితిమి. ఒకడు చెట్టెక్కెను, వేరొకడు ఊపిరి బిగబట్టి పడుకొనెను. ఆ కథలో సగము తప్పు. తేనెకై నిలువు మ్రాను లెక్కు జంతువునకు మనమెక్కిన చెట్టొక లెక్క కాదు. పైగా చీర కట్టిన స్త్రీ యెంత చెట్టెక్కగలదు? పడుకొనిన వాడు చేసినది కొంత సరి. అది మీదబడుట యిక తప్పదని తోచినపుడు నేలపై బోర్లపడి, రెండు చేతుల వ్రేళ్లను మెడవెనుక పెనవైచి, మోచేతులతో ముఖమును కప్పి, కదలక యుండవలెను. వీపున సంచి యున్నచో తీయరాదు, అదియే కవచము. వెల్లకిల పడరాదు. ఊపిరి బిగబట్టిన ఎలుగు మోసపోవునని కాదు. తనను బెదిరించునది అణగిపోయెనని తోచినచో అది విడిచి తన దారిని పోవును. పోయిన పిమ్మట గూడ కొంతసేపు లేవరాదు. తోడివారు చెల్లాచెదరు గాక, ఒక్కచోట గుంపుగా నిలిచి కేకలు వేసినచో అది త్వరగా విడుచుట కవకాశము కలదు.

మన మేమో యేడాదికొకమారు యాత్రకు పోవుదుము. వేళ యెన్నుకొనగలము, తోడు చూచుకొనగలము. శ్రీకాకుళము జిల్లా యుద్దానపు సోదరీమణులకు ఆ వెసులుబాటు లేదు. అచ్చట జీడితోటలే యెలుగుల నివాసము. జీడిపండు, పనసపండు దానికి మేత; ఆ తోటలలో పిక్కలేరుట స్త్రీలకు బ్రదుకుతెరువు. 2022 జూనులో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగి ప్రాంతమున ఒక యెలుగు వరుస దినములలో పలువురిపై బడినది, ఒకరు మరణించిరి. అటవీశాఖవారు మత్తుమందిచ్చి దానిని పట్టిరి; అదియు చనిపోయినది. ఇట్టి గ్రామములలో తోటకు వేకువనే యొంటరిగా పోకుండ జట్లు కట్టుటయు, ఇంటింట మరుగుదొడ్డి యుండుటయు, తోట యజమానులు పొదలు కొట్టించి దారులు తెరపిగా నుంచుటయు అవసరము. చివరి రెండును స్త్రీల చేతిలో లేవు. జీడిపప్పు మన పండుగ పాయసములోనికి వచ్చు దారి యెట్టిదో యెరుగుట మంచిదని యిచ్చట వ్రాసితిమి.

గాయమైనచో చేయవలసినది. ముందుగా రక్తము నాపవలెను. ఉతికిన నూలుబట్టను మడిచి గాయముపై నదిమి, విడువక పట్టుకొనవలెను. తలచర్మము లేచిపోయినచో దానిని కత్తిరింపక, యథాస్థానమున నుంచి బట్ట కట్టవలెను. కన్నునకు దెబ్బ తగిలినచో నొత్తక, వదులుగా కప్పవలెను. పసుపు, కాఫీపొడి, సున్నము, ఆకుపసరు దేనిని గాయములో నుంచరాదు. వైద్యుడు వానినన్నిటిని కడుగుటకే గంట పట్టును. చిన్న గీరయైనచో సబ్బుతో, పారెడు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. 108కి ఫోను చేయవలెను. లోయలో ఫోను పలుకనిచో ఇద్దరు కలసి, ఒక్కరు మాత్రము గాక, దగ్గరి అటవీశాఖ చౌకీకి పోవలెను. ఆసుపత్రిలో ధనుర్వాతమునకు సూదియు, పిచ్చికుక్క కరచినపుడిచ్చు టీకాయు, గాయము చుట్టు వేయు సీరమును అడిగి వేయించుకొనవలెను. ఎలుగు కరచినదానికి కుక్కసూది యేలయని ఇంటి పెద్ద లనవచ్చును. ఆ రోగము అడవి జంతువులకును వచ్చును. టీకా మొదటిది నాడే పడవలెను, తక్కినవి చీటీలో వ్రాసిన తేదీలకు తప్పక పడవలెను, యాత్ర ముగించుకొని బెజవాడ చేరిన పిమ్మటనైనను.